యూట్యూబ్ కామెంట్ల మీద ఎమ్మే: సెంట్రల్ యూనివర్సిటీలో నా చదువు

సోషల్ మీడియా మీద ఎమ్మే చేస్తున్నానని చెప్పగానే మా చుట్టాల్లో చాలామంది అడిగిన మొదటి ప్రశ్న, "అయితే నీ ఛానెల్ పేరేంటమ్మా?" నాకు ఛానెల్ లేదు. రీల్స్ ఎడిట్ చేయడం, ఫాలోయర్లను పెంచుకోవడం నేర్పే కోర్సులు అమీర్‌పేటలో కావలసినన్ని ఉన్నాయి. వాటితో బతుకుతున్నవాళ్లూ ఉన్నారు. అది వేరే చదువు. ఒక మాట ఫోన్ నుంచి ఫోన్‌కి ఎలా పోతుంది, ఎవరి మాట ఎవరిదాకా వస్తుంది, ఎవరిది మధ్యలోనే ఆగిపోతుంది, వచ్చినదాన్ని జనం ఏం చేసుకుంటారు అనేవి నేను చదివాను. 2023 నుంచి 2025 దాకా గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కమ్యూనికేషన్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. ఇలాంటి చదువు ఉందని తెలియక మన జిల్లాల పిల్లలు చాలామంది ఇటువైపు రావడం లేదు. ఆ బాధతోనే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది ఖమ్మం జిల్లా. మిర్చి పండించే ఇల్లు. డిగ్రీ ఖమ్మంలో బీకాం చేశాను. ఎమ్మేలో చేరడానికి బీకాం అడ్డం కాలేదు, ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. పీజీ సీట్ల కోసం పెట్టే జాతీయ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీలో మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం పేపర్ రాయాలి. ఇప్పుడైతే అది 75 ప్రశ్నల పరీక్ష. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు రాస్తే 1 మార్కు కోత. రోజూ పేపర్ చదివే అలవాటు ఉండి, మీడియా చట్టాలూ సంస్థల గురించి ఒక మాదిరిగా తెలిస్తే పెద్ద టెన్షన్ అక్కర్లేదు.

టెన్షన్ అంతా చేరాక మొదలైంది. నా ముందు పెట్టినవన్నీ ఇంగ్లీషులో ఉన్న వ్యాసాలు. ఒక్కో పేరా రెండు మూడుసార్లు చదివితేగానీ లోపలికి పోదు. జర్మన్ ఆలోచనాపరుడు హాబర్మాస్ 1962లో చెప్పిన పబ్లిక్ స్పియర్ సిద్ధాంతం మొదటి సెమిస్టర్‌లోనే వచ్చింది. లండన్ కాఫీ హౌస్‌లలో జనం కూర్చుని రాజ్యం గురించి వాదించుకున్నారు, అలాంటి చోట్లే ప్రజాభిప్రాయం తయారైంది అంటాడు. నాకు వెంటనే మా ఊరి రచ్చబండ గుర్తొచ్చింది. తర్వాతి వారం దాని మీద అమెరికా తత్వవేత్త నాన్సీ ఫ్రేజర్ 1990లో రాసిన విమర్శ చదివించారు. ఆ కాఫీ హౌస్‌లలో ఆడవాళ్లు ఎక్కడున్నారు, కూలీలు ఎక్కడున్నారు అని ఆమె అడుగుతుంది. మా రచ్చబండ దగ్గర మా అమ్మ ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఆ రోజు క్లాసులో నేను మొదటిసారి చెయ్యెత్తి ఈ మాటే చెప్పాను. తర్వాత రెండేళ్లూ ఏ ఫేస్‌బుక్ గ్రూప్ చూసినా, ఏ కామెంట్ల వరస చూసినా ముందు అదే ప్రశ్న వేసుకున్నాను: ఇక్కడ కూర్చోనిది ఎవరు?

మీడియా లా పేపర్ నాకు బాగా నచ్చింది. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఫేస్‌బుక్ పోస్టు పెట్టినందుకు ఒకమ్మాయిని, దాన్ని లైక్ చేసినందుకు ఇంకో అమ్మాయిని అరెస్టు చేశారు. ఆ తర్వాత శ్రేయా సింఘాల్ వేసిన పిటిషన్ మీద 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ కొట్టేసింది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే శిక్ష వేసే సెక్షన్ అది. తీర్పు మొత్తం మాతో చదివించారు. అంత పొడవు తీర్పు చదవగలనని అంతకుముందు నేను అనుకోలేదు. ఒక అభిప్రాయాన్ని చర్చించడం ఏది, సమర్థించడం ఏది, అది ఎక్కడ రెచ్చగొట్టడం అవుతుంది అని న్యాయమూర్తులు గీసిన గీతలు ఈ రోజుకీ నాకు పనికొస్తున్నాయి.

పుకార్ల గురించి చదివినప్పుడు ఉదాహరణకు అమెరికా వెళ్లాల్సిన అవసరం రాలేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు చక్కర్లు కొట్టి, దేశంలో చాలాచోట్ల అమాయకుల ప్రాణాలు పోయాయి. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఐదు చాట్లకు పరిమితం చేసింది. అప్పుడు గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన పోలీసుల్ని ఊళ్లకు పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. ఫోన్‌లో వచ్చిన భయాన్ని డప్పుతో ఆపిన ఈ కథ మీద మా క్లాసులో గంటసేపు వాదన నడిచింది. యాప్‌లో మార్పు పని చేసిందా, ఊళ్లోకి వచ్చిన మనిషి పని చేశాడా? నేను రెండోదాని వైపు మాట్లాడాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లోని సంఘం రేడియోకి తీసుకెళ్లారు. 2008 అక్టోబర్ 15న మొదలైన ఈ రేడియోను డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థలోని దళిత మహిళా రైతులు నడుపుతున్నారు. మైకు ముందు కూర్చునేది వాళ్లే, రికార్డు చేసేది వాళ్లే. విత్తనాలు, పండగలు, పాటలు, అన్నీ తమ మాటలోనే. అక్కడ పెద్దగా థియరీ ఎవరూ చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా డిజర్టేషన్, అంటే కోర్సు చివర్లో రాసే పరిశోధన వ్యాసం, రైతుల మీదే చేయాలని నిర్ణయించుకున్నాను.

ఏం చేయాలో తెలుసు. ఎలా చేయాలో తెలియలేదు. మిర్చి రైతులకు 2021-22 సీజన్ మర్చిపోలేని దెబ్బ. నల్ల తామర పురుగు ఇటు ఖమ్మం, అటు గుంటూరు జిల్లాల తోటల్ని ఊడ్చేసింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు అది. పూతలోకి చేరి రసం పీలుస్తుంది, పూత రాలిపోతుంది, కాయ నిలబడదు. పాత మందులకు లొంగలేదు. ఆ రోజుల్లో మా నాన్న రాత్రి పూట మంచం మీద పడుకుని యూట్యూబ్‌లో వీడియో మీద వీడియో చూసేవాడు. ఏ మందు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని రోజులకోసారి? ఒక్కో వీడియో ఒక్కో రకంగా చెప్పేది. కింద కామెంట్లలో వందల మంది అవే ప్రశ్నలు అడిగేవాళ్లు. వాళ్లకు జవాబు దొరికిందా? దొరికితే ఎవరిచ్చారు? దీన్నే నా ప్రశ్నగా పెట్టుకున్నాను.

గైడ్ మేడమ్ విని, "బాగుంది. కానీ కామెంట్ రాసినవాడు రైతేనని నీకెలా తెలుసు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. "అది తేలకుండా కామెంట్లు లెక్కపెట్టి లాభం లేదు. ముందు డేటా తీసుకో, తర్వాత ఊరికి వెళ్లు" అన్నారు.

డేటా తీసుకోవడం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ చదువులోకి వచ్చే ఆర్ట్స్, కామర్స్ పిల్లలు ఇక్కడే భయపడతారు. ఒకప్పుడు పరిశోధకులకు ట్విట్టర్ ఉచితంగా డేటా ఇచ్చేది, 2023లో ఆ దారి మూసుకుపోయింది. ఫేస్‌బుక్ పేజీలను గమనించడానికి వాడే క్రౌడ్‌టాంగిల్‌ను మెటా 2024 ఆగస్టు 14న ఆపేసింది. యూట్యూబ్ మాత్రం ఇంకా ఇస్తోంది. గూగుల్ అకౌంట్ ఉంటే చాలు, ఒక ఏపీఐ కీ తీసుకోవచ్చు. మనం రాసిన ప్రోగ్రామ్ యూట్యూబ్‌ను నేరుగా డేటా అడగడానికి వాడే తాళంచెవి లాంటిది అది. నేను చేసినప్పుడు రోజుకు 10,000 యూనిట్ల కోటా ఉండేది. వీడియోల కోసం ఒకసారి సెర్చ్ చేస్తే 100 యూనిట్లు ఖర్చయ్యేవి, అదే కామెంట్లు అడిగితే ఒక్కో పేజీకి 1 యూనిట్, పేజీకి 100 కామెంట్ల దాకా వచ్చేవి. అందుకని సెర్చ్ పొదుపుగా వాడి ముందు వీడియోల జాబితా తయారు చేసుకున్నాను, తర్వాత కామెంట్ల మీద పడ్డాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పది పదిహేను లైన్లు రాయగలిగితే ఈ పనికి సరిపోతుంది. కంప్యూటర్ సైన్స్ చదివే హాస్టల్ స్నేహితురాలు పక్కన కూర్చుని నేర్పింది. మా ఇద్దరికీ మొదటి రోజే తెలిసిన విషయం ఒకటుంది. కామెంట్ కింద వచ్చే రిప్లైలన్నీ మొదటిసారి అడిగినప్పుడు రావు, కొన్నే వస్తాయి. మిగతావాటి కోసం ఆ కామెంట్ ఐడీ ఇచ్చి మళ్లీ విడిగా అడగాలి. నా ప్రశ్నకు జవాబు ఉన్నది రిప్లైల్లోనే కాబట్టి ఇది వదిలేస్తే మొత్తం పనే వృథా.

ఫైల్ వచ్చింది. ఎక్సెల్‌లో తెరిచాను. తెలుగు ఉండాల్సిన చోటల్లా నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ, పక్కన టెంపరేచర్‌కి వేసే డిగ్రీ సున్నా. స్క్రీన్ నిండా అవే. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్‌లో దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతం గుర్తు 3 బైట్లు తీసుకుంటాయి. ఎక్సెల్ ఆ మూడింటినీ మూడు వేరే అక్షరాలుగా చదివేస్తుంది. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-సిగ్ అని రాస్తే ఫైల్ మొదట్లో ఒక గుర్తు చేరుతుంది, దాన్ని చూసి ఎక్సెల్ తెలుగును తెలుగుగా చూపిస్తుంది. తెలుగు డేటా మీద పని చేసే ఎవరైనా దీన్ని రాసి పెట్టుకోండి, చాలా గంటలు మిగులుతాయి.

ఆ తర్వాత కోడింగ్. ఇది కంప్యూటర్ కోడింగ్ కాదు, ప్రతి కామెంటూ చదివి దానికో వర్గం ఇవ్వడం. ప్రశ్న, సలహా, సొంత అనుభవం, మెచ్చుకోలు, అమ్మకం అని వర్గాలు పెట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్‌తో చేయించొచ్చు కదా అని అడుగుతారు. సగం మంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, తామర పురుగు అనే మాటనే ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగ్‌తో రాస్తారు. నేను ప్రయత్నించిన టూల్స్ అన్నీ అక్కడే చేతులెత్తేశాయి. మనిషే చదవాలి. ఒక్క మనిషి చదివితే అది ఆ మనిషి అభిప్రాయమే అవుతుంది కాబట్టి అవే కామెంట్లలో కొన్నింటిని ఇంకొకరు విడిగా కోడ్ చేయాలి. ఇద్దరి జవాబులు ఎంతవరకు కలిశాయో కోహెన్స్ కప్పా అనే లెక్కతో చూస్తారు. 1960లో జేకబ్ కోహెన్ ఇచ్చిన పద్ధతి ఇది. గుడ్డిగా వేసినా కొన్ని కలుస్తాయి కదా, ఆ వంతు తీసేసి మిగిలింది చూపిస్తుంది.

నా క్లాస్‌మేట్ రెండో కోడర్‌గా కూర్చుంది. మొదటి విడతలో మా లెక్క బాగా తక్కువ వచ్చింది. ఎక్కడ తేడా వచ్చిందో వరసబెట్టి చూశాం. "పోయినేడు ఇదే మందు కొట్టిన అన్నా, పైసా ఫలితం లేదు, ఇప్పుడేం చేయమంటారు" అన్న తరహా కామెంట్‌ను నేను ప్రశ్న అన్నాను, తను అనుభవం అంది. "ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అన్నా, మంచి మందు ఉంది" అన్నదాన్ని తను సలహా అంది, నేను అమ్మకం అన్నాను. ఎవరూ తప్పు కాదు, మా నియమాలే సరిగ్గా లేవు. జవాబు ఆశిస్తున్న వాక్యం ఒక్కటున్నా ప్రశ్న కిందే వేయాలి, డబ్బు చేతులు మారే అవకాశం కనిపిస్తే అమ్మకమే అని రాసుకుని మళ్లీ మొదటి నుంచి చేశాం. విసుగు పుట్టించే పని. అయినా ఈ విసుగులోనే నాకు చదువు వచ్చిందని గట్టిగా నమ్ముతాను. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఈ మనిషికి అసలు ఏం కావాలి అని ఆలోచించడం ఇంకెక్కడా ఎవరూ నేర్పలేదు.

ఫోన్ నంబర్ల గురించి కూడా చెప్పాలి. యూట్యూబ్ కామెంట్‌లో ఫోటో పెట్టడం కుదరదు. ఆకు ఎలా ముడుచుకుందో చూపించాలంటే వాట్సాప్ కావాలి. అందుకని రైతులు తమ నంబర్ అక్కడే, అందరూ చూసేచోట రాసేస్తారు. "దయచేసి ఒక్కసారి ఫోన్ చేయండి సార్" అని ప్రాధేయపడతారు. అమ్మకాలవాళ్లకు అదో ఉచిత జాబితా. నేను డేటా తెరవగానే చేసిన మొదటి పని నంబర్లన్నీ చెరిపేయడం. కామెంట్లను ఉన్నదున్నట్టు డిజర్టేషన్‌లో పెట్టలేదు కూడా. ఆ వాక్యాన్ని కొటేషన్లలో పెట్టి వెతికితే రాసిన మనిషి దొరికిపోయే ప్రమాదం ఉంది. ఇంటర్నెట్ పరిశోధకుల అంతర్జాతీయ సంఘం 2002 నుంచి దీని మీద మార్గదర్శకాలు ఇస్తోంది. అందరికీ కనిపిస్తోంది కాబట్టి అందరూ వాడుకోవచ్చు అనుకోవడం అన్యాయం. అర్ధరాత్రి నంబర్ రాసి ఫోన్ కోసం ఎదురుచూసిన రైతు నా పేజీల్లో ఉదాహరణగా కనపడటానికి ఒప్పుకోలేదు కదా. ఇక్కడ నేను రాసిన కామెంట్లు కూడా తరహా చూపించడానికి నా మాటల్లో చెప్పినవే.

ఇక ఊరు. మిర్చి కోతల సమయానికి వెళ్లాను. మేడమ్ ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. మా వీధిలో ఒక పెద్దాయనను, "తాతా, నువ్వు యూట్యూబ్‌లో కామెంట్ పెడతావా?" అని అడిగితే నవ్వి, "నాకేడ వస్తదమ్మా, మావోడు పట్నంల ఉంటడు, ఆడే అడుగుతడు" అన్నాడు. ఆయన చేలో ఆకు ఫోటో తీసి కొడుక్కి వాట్సాప్ చేస్తాడు, దాంతోపాటు వాయిస్ మెసేజ్. హైదరాబాద్‌లో డెలివరీ పని చేసే ఆ కొడుకు రాత్రి రూముకి చేరాక వీడియోలు వెతికి, కామెంట్ రాసి, దొరికిన లింకు తండ్రికి పంపిస్తాడు. నేను ఇన్నాళ్లూ రైతు కామెంట్ అనుకుని కోడ్ చేసిన వాటిలో ఎన్ని ఇలా పట్నం నుంచి రాసినవో కంప్యూటర్ ఏ రోజూ చెప్పేది కాదు.

కథ అక్కడితో ఆగలేదు. తెల్లారి ఆ పెద్దాయన ఫోన్ తీసుకుని మందుల షాపుకి వెళ్లాడు, నేనూ వెంట వెళ్లాను. కౌంటర్ మీద ఫోన్ పెట్టి వీడియో పెద్ద సౌండ్‌తో వినిపించాడు. షాపాయన కాసేపు విని, "ఆ మందు లేదు, ఇది కొట్టు, దాని తాత లాంటిది" అని వేరే డబ్బా తీసి ముందు పెట్టాడు. పెద్దాయన మారుమాట లేకుండా తీసుకున్నాడు. బయటికొచ్చాక, "వీడియోలో చెప్పింది కాదుగా తాతా" అన్నాను. "ఉద్దెర ఇచ్చేది ఆయనే గదా" అన్నాడు. పంట అమ్మేదాకా ఖాతా షాపులో నడుస్తుంది. ఖాతా ఉన్నచోట యూట్యూబ్ మాట ఎంత మంచిదైనా చివరి మాట షాపుదే.

1940లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఈరీ కౌంటీలో సామాజిక శాస్త్రవేత్త లాజర్స్‌ఫెల్డ్ బృందం ఎన్నికల మీద అధ్యయనం చేసి, రేడియో, పేపర్ల మాట జనానికి నేరుగా చేరదు, మధ్యలో నలుగురు నమ్మే మనుషుల ద్వారా చేరుతుంది అని చెప్పింది. టూ స్టెప్ ఫ్లో అంటారు. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఆ పాఠం మా ఊరి షాపు ముందు నిలబడి చూశాను. తేడా ఒక్కటే, ఇక్కడ మధ్య మనిషి మీద ఉన్నది నమ్మకం ఒక్కటే కాదు, అప్పు కూడా. నా డిజర్టేషన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన అధ్యాయం అదే.

మిర్చి ఏరే ఆడకూలీలతోనూ కూర్చున్నాను. పురుగు పూతలో ఎక్కడ దాక్కుంటుందో, ఏ మడిలో ముందు మొదలైందో చేత్తో కాయ తెంపే వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నేను చదివిన కామెంట్లలో వాళ్ల మాట ఎక్కడా కనపడలేదు. ఫ్రేజర్ అడిగిన ప్రశ్న మళ్లీ అక్కడికే తెచ్చింది. దీన్ని వైవాలో చెప్పినప్పుడు ఎగ్జామినర్ గారు ఎక్కువసేపు దాని మీదే అడిగారు.

డిజర్టేషన్ ఇంగ్లీషులో రాయాలి కాబట్టి రాశాను. కానీ సమాచారం ఇచ్చినవాళ్లకు అది చదవడానికి పనికిరాదు. అందుకని తెలుగులో చిన్న కాగితం ఒకటి తయారు చేసి ఊళ్లో పంచాను. కామెంట్‌లో ఫోన్ నంబర్ పెట్టొద్దని, పురుగు అంటుకుపోయే నీలి రంగు జిగురు అట్టలు పెట్టడం లాంటి శాస్త్రవేత్తల సలహాలు ఎక్కడ అడగాలో, 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్‌కి పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే మాట్లాడొచ్చని రాశాను. 2004 నుంచి ఉన్న సేవ అది. మా వీధిలో చాలామందికి తెలియదు.

ఉద్యోగాల సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. మా బ్యాచ్ వాళ్లు న్యూస్ డెస్కుల్లో, ఫ్యాక్ట్ చెకింగ్‌లో, స్వచ్ఛంద సంస్థల కమ్యూనికేషన్ విభాగాల్లో, కంపెనీల కంటెంట్ టీముల్లో చేరారు. జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాల్లా ఉండవు. చేరాలనుకునేవాళ్లు ఏ యూనివర్సిటీ అయినా సరే ముందు సిలబస్ తెప్పించుకుని రీసెర్చ్ మెథడ్స్ పేపర్ ఉందా, చివర్లో డిజర్టేషన్ ఉందా అని చూడండి. కోర్సు పేరులో డిజిటల్ అన్న మాట ఉండి, లోపల ఆ రెండూ లేకపోతే అంత డబ్బు, అంత కాలం పెట్టకండి.

నేను ఇప్పుడు పీహెచ్‌డీ ప్రపోజల్ రాస్తున్నాను. ఈసారి కామెంట్లు కాదు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు. ఆ తండ్రీ కొడుకుల మధ్య నడిచేది అంతా అందులోనే ఉంది. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ వినలేకుండా తాళం వేసే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ వల్ల వాటిని బయటినుంచి ఎవరూ తీసుకోలేరు, తీసుకోకూడదు కూడా. వాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు వినిపించినవే వినాలి. ముగ్గురు ఇప్పటికే సరేనన్నారు. ఆడకూలీల్లో ఇద్దరు ఇంట్లో అడిగి చెబుతామన్నారు. మిర్చి నార్లు పోసే సమయానికి ఊరికి వెళ్లి మొదలుపెడతాను.